నలుగురి చేతుల్లో పుట్టిన అల

(బందరులో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాలులో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెడన నుంచి వచ్చిన అద్దకం పనివాళ్ళు కూర్చున్నారు. ఈ రోజు నేను చెప్పబోయే దాంట్లో సగం వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. అందుకే కొంచెం టెన్షన్‌గా ఉంది. పని గురించి ఎక్కడైనా తప్పు చెబితే అక్కడే ఆపండి. మొహమాటపడొద్దు.

ఇదిగో, ఒక నోటు తెచ్చాను. జపాన్ వాళ్ళ వెయ్యి యెన్‌ల నోటు. 2024 జూలైలో వచ్చిన కొత్త నోటు. మా అక్క కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తాడు, వాడు పంపాడు. ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చూడండి. వెనక్కి తిప్పండి. ఏం కనిపిస్తోంది? అల. ఈ అలని ఇంతకు ముందు ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. టీషర్టు మీదో, ఫోను కవరు మీదో, హోటలు గోడ మీదో చూసి ఉంటారు. సరే, ఇంకో ప్రశ్న. ఈ బొమ్మలో కొండ ఎక్కడుంది?

వెతకండి. తొందరేం లేదు.

ఆ, అదే. మధ్యలో, అల కింద, చిన్నగా. నెత్తిన మంచు ఉన్న కొండ. అదే ఫుజి. నిజానికి ఈ బొమ్మ ఆ కొండ గురించే. 'ఫుజి కొండ 36 దృశ్యాలు' అని వేసిన వరుసలో ఇది ఒకటి. ఇదే బొమ్మలో ఇంకో సంగతి చూడండి, పడవలున్నాయి. మూడు పడవలు. మనుషులు తెడ్ల మీదకి వంగిపోయి ఉన్నారు. మనలో చాలామంది ఇది సునామీ అనుకుంటాం. ఉప్పెన చూసిన ఊరు కదా మనది, అలా అనిపించడం సహజం. కానీ ఇది సునామీ కాదు. నడి నీటిలో లేచిన పెద్ద కెరటం. ఆ పడవలు పచ్చి చేపల్ని ఎడో నగరం మార్కెట్‌కి త్వరగా చేర్చే పడవలు. ఎడో అంటే ఇప్పటి టోక్యో. అంటే ఈ బొమ్మలో ఉన్నది రాజులూ దేవుళ్ళూ కాదండీ, చేపల పడవ లాగేవాళ్ళు. గిలకలదిండి రేవులో రోజూ కనబడే మనుషుల్లాంటి వాళ్ళు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ బొమ్మ ఎవరు వేశారు?

హొకుసాయ్. కరెక్టే, వెనక నుంచి ఎవరో అన్నారు. కత్సుషికా హొకుసాయ్. 1760లో పుట్టాడు, 1849లో పోయాడు. ఈ అల వేసేనాటికి డెబ్బై దాటాడు. మంచిది. కానీ నేను మళ్ళీ అడుగుతాను. ఈ బొమ్మ ఎవరు చేశారు? హొకుసాయ్ ఈ చెక్క మీద ఉలి పెట్టలేదు. ఈ కాగితం మీద రంగు అద్దలేదు. ఆయన గీసిన అసలు బొమ్మ ఈ రోజు లోకంలో ఎక్కడా లేదు. మ్యూజియంలో లేదు, జపాన్ చక్రవర్తి దగ్గర కూడా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందు నిలబడ్డాను.

ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మ రావాలంటే నలుగురు కావాలి. మొదటివాడు ప్రచురణకర్త. డబ్బు పెట్టేది ఆయనే. ఏ బొమ్మ అమ్ముడుపోతుంది, ఎవరిచేత వేయించాలి, ఎన్ని రంగులు పెట్టాలి, అన్నీ ఆయన లెక్కే. రెండోవాడు గీసేవాడు. మూడోవాడు చెక్కేవాడు. నాలుగోవాడు అచ్చు వేసేవాడు. ఈ అలకి ప్రచురణకర్త నిషిమురాయా యొహాచి. గీసినవాడు హొకుసాయ్. చెక్కినవాడి పేరు, అచ్చు వేసినవాడి పేరు బొమ్మ మీద లేవు. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్తాను, ఎందుకంటే నాకు ప్రాణం ఇక్కడే ఉంది.

గీసేవాడు పల్చటి కాగితం మీద నల్ల సిరాతో గీతలు మాత్రమే గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి, చెక్క పలక మీద జిగురుతో అతికిస్తాడు. బోర్లా ఎందుకు? అచ్చులో ఎడమ కుడి అవుతుంది కదా. బోర్లా అతికిస్తే ఆ లెక్క దానంతట అదే సరిపోతుంది. తర్వాత కాగితం వెనక పొరని వేలితో మెల్లగా రుద్ది తీసేస్తాడు. గీతలు కనిపించేంత పల్చటి పొర మిగులుతుంది. అప్పుడు కత్తి తీసుకుని, ఆ కాగితం మీదుగానే, ఒక్కో గీతకి అటూ ఇటూ కోస్తాడు. గీత నిలుస్తుంది, మిగతా చెక్క పోతుంది. చెక్కతో పాటే కాగితం కూడా పోతుంది. ఇప్పుడు అర్థమైందా అసలు బొమ్మ ఎందుకు లేదో? అచ్చు పుట్టాలంటే ఆ బొమ్మ పోవాలి.

చెక్క చెర్రీ చెట్టుది. అక్కడి కొండల్లో పెరిగే చెర్రీ. పెడనలో మీరు టేకు వాడతారు. గట్టిగా ఉండాలి, సన్నగీత విరిగిపోకుండా నిలబడాలి, నీళ్ళు తాకినా వంకర పోకూడదు. ఎక్కడైనా అచ్చుకి కావలసిన గుణాలు ఇవే కదా.

ఆడవాళ్ళ బొమ్మల్లో నుదుటి దగ్గర జుట్టు చూడండి. ఆడవాళ్ళ బొమ్మలకి పేరుపడ్డ చిత్రకారుడు ఉతామరో బొమ్మ ఒకటి పెద్దది చేసి ఈ గోడకి పెట్టాను, తర్వాత దగ్గరికొచ్చి చూడండి. వెంట్రుక వెంట్రుక విడిగా కనబడుతుంది. గీసేవాడు ఈ వెంట్రుకలన్నీ గీసి ఇచ్చేవాడు కాదు. జుట్టు అంచు ఇక్కడ అని చూపిస్తే, లోపలి వెంట్రుకలు చెక్కేవాడి చేతి పని. ఒక పనిశాలలో తల, ముఖం చెక్కే పని పెద్ద పనివాడిది. బట్టల మీద పూలు, మిగతావి అతని కిందివాళ్ళవి. ముఖం దాకా రావడానికి ఏళ్ళు పట్టేది. ఆలోచించండి, మ్యూజియంలో ఆ జుట్టు చూసి మనం 'ఆహా, ఉతామరో' అంటాం. అది ఎవరి చెయ్యి?

నల్ల గీతల పలక అయ్యాక దాంతో కొన్ని కాగితాలు తీస్తారు. ఏ రంగు ఎక్కడో గీసేవాడు వాటి మీద గుర్తులు పెడతాడు. ఒక్కో రంగుకి ఒక్కో పలక. పది రంగులుంటే ఒకే కాగితం పది సార్లకి తక్కువ కాకుండా చెక్క మీదకి వెళ్ళి రావాలి. ప్రతిసారీ వెంట్రుక వాసి తేడా లేకుండా అదే చోట పడాలి. ఎలా? పెడనలో మీరు పక్క అచ్చు ఆనవాలు చూసుకుని చేతి అంచనాతో వేస్తారు. వాళ్ళు ప్రతి పలక మీద రెండు గాళ్ళు చెక్కారు. ఒకటి కాగితం మూల వచ్చి ఆనడానికి, ఇంకోటి కాగితం అంచు ఆనడానికి. అంతే, రెండే రెండు గాళ్ళు. వాటి పేరు కెంతో. ఈ మాటకి వాళ్ళ భాషలో అంచనా, గురి అనే అర్థం కూడా ఉంది.

ఇంకో పెద్ద తేడా ఉంది. మీరు బట్టని బల్ల మీద పరిచి, అచ్చుని పైనుంచి వేసి చేత్తో గుద్దుతారు. అవునా? అక్కడ దీనికి తిరగేసి. పలక ముఖం పైకి పెట్టి ఉంటుంది. దాని మీద నీళ్ళ రంగు, కొంచెం అన్నపు జిగురు బ్రష్‌తో పూస్తారు. తడి కాగితం దాని మీద పరిచి, వీపు మీద నుంచి రుద్దుతారు. రుద్దే సాధనం పేరు బారెన్. అరచేతిలో పట్టే బిళ్ళ. లోపల వెదురు పొరని పేని చేసిన తాడు చుట్టగా ఉంటుంది, పైన వెదురు పొరే కప్పుతారు. కాగితానికి ముందే పటిక, జంతువుల జిగురు కలిపిన నీళ్ళు పూసి ఆరబెడతారు, రంగు పాకకుండా. పటిక అనగానే అక్కడ పెద్దాయన నవ్వారు. అవునండీ, మీ పటికే. మీకు రంగు బట్టకి పట్టడానికి పటిక, వాళ్ళకి రంగు కాగితంలో చెదరకుండా పటిక.

అచ్చు వేసేవాడి గొప్పతనం ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. హిరోషిగే అని ఇంకో మహానుభావుడు. 1857లో 'షిన్-ఓహాషి వంతెన మీద హఠాత్తుగా వాన' అని ఒక బొమ్మ వేశాడు. జనం తలలు దాచుకుని పరిగెడుతుంటారు, పైన నల్ల మబ్బు. ఆ మబ్బు నలుపు కింద తెల్లదనంలోకి మెల్లగా కరిగిపోతుంది. చెక్కలో ఆ కరగడం లేదు. పలక మీద పూసిన రంగుని తడితో తుడిచి పల్చన చేస్తాడు అచ్చు వేసేవాడు. దీన్ని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ మళ్ళీ పూయాలి, మళ్ళీ తుడవాలి. అందుకే ఒకే బొమ్మ రెండు ప్రతుల్లో మబ్బు ఒకేలా ఉండదు. ఇక ఆ వాన గీతలు! దారం కంటే సన్నం. చెక్కేవాడు వాటిని మిగల్చడం కోసం చుట్టూ ఉన్న చెక్కనంతా తవ్వి తీశాడు. వాన గీయడం తేలికే. వానని మిగల్చడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంత పని చేసి ఎంతకి అమ్మేవాళ్ళు అనుకుంటున్నారు? ఒక గిన్నె నూడుల్స్ ధరకి అటూ ఇటూ. మన లెక్కలో చెప్పాలంటే ఒక ప్లేటు ఇడ్లీ. వీధి దుకాణంలో వేలాడదీసి అమ్మేవాళ్ళు. కొన్నవాళ్ళు ఎవరు? బజారు జనం. దుకాణదారులు, చేతి పనివాళ్ళు, ఊరు చూడటానికి వచ్చి ఇంటికి ఏదైనా తీసుకెళ్దామనుకున్న పల్లెటూరివాళ్ళు. నాటకాల నటుల బొమ్మలు, అందగత్తెల బొమ్మలు, కుస్తీ వస్తాదుల బొమ్మలు, దారి పొడవునా ఊళ్ళ బొమ్మలు. వీటిని ఉకియో-ఎ అంటారు. ఎ అంటే బొమ్మ. ఉకియో అనే మాట చూడండి. పాత బౌద్ధంలో ఆ శబ్దానికి దుఃఖమయమైన లోకం అని అర్థం. ఎడో జనం అదే శబ్దాన్ని 'తేలే లోకం' అని రాసుకున్నారు. ఎలాగూ నిలవని లోకమే కదా, ఉన్నంతసేపు నీటి మీద సొరకాయ బుర్రలా తేలిపోదాం అని. లోకం అశాశ్వతం అనే మాట మనం తత్త్వాల్లో పాడుకుంటాం. వాళ్ళు అదే మాటని నాటకం టికెట్టు కొనడానికి కారణం చేసుకున్నారు. నాకది చాలా నచ్చుతుంది.

రంగుల కథ కూడా సామాన్యుల అవసరం నుంచే వచ్చింది. మొదట్లో, హిషికవా మొరొనొబు అనే చిత్రకారుడి కాలంలో, అంటే 17వ శతాబ్దం చివర, బొమ్మలు నలుపు తెలుపే. రంగు కావాలంటే చేత్తో పూసేవాళ్ళు. తర్వాత రెండు మూడు రంగుల అచ్చులు వచ్చాయి. 1765లో సుజుకి హరునొబు అనే చిత్రకారుడి చేతుల మీదుగా పూర్తి రంగుల అచ్చు వచ్చింది. దానికి కారణం క్యాలెండర్లు. వాళ్ళ చాంద్రమానంలో కొన్ని నెలలు పెద్దవి, కొన్ని చిన్నవి, ఏటేటా మారేవి. క్యాలెండర్ అచ్చు వేసే హక్కు అందరికీ లేదు. అందుకని స్తోమత ఉన్న రసికులు ఆ సంవత్సరం నెలల అంకెల్ని బొమ్మలో, చీర పూలల్లోనో మరోచోటో దాచి, ఒకరికొకరు కానుకలిచ్చుకున్నారు. నాది బాగుందా, నీది బాగుందా అని పోటీ. ఆ పోటీలో ఖర్చుకి వెనకాడలేదు. ఆ పనితనం బజారులోకి దిగింది. పట్టు జరీ బట్టలా ఉందని దానికి నిషికి-ఎ అని పేరు పెట్టారు. జరీ బొమ్మ.

ప్రభుత్వం ఊరుకుందా? ఊరుకోలేదు. 1790 నుంచి ప్రతి బొమ్మకీ అనుమతి ముద్ర ఉండాలన్నారు. 1804లో ఉతామరో పాత పాలకుడు హిదెయోషి బొమ్మలు వేశాడని 50 రోజులు చేతులకి బేడీలు వేశారు. గీసే చేతులకి! రెండేళ్ళకి ఆయన చనిపోయాడు. 1842లో నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు వద్దన్నారు. ఊళ్ళు, కొండలు, నదుల బొమ్మలకి గిరాకీ పెరగడంలో ఇలాంటి ఆంక్షల పాత్ర కూడా ఉంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఈ అలలో నీలం చూశారు కదా. అది జపాన్ నీలం కాదు. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో తయారైన రసాయన రంగు. అందుకే జపాన్‌లో దాన్ని బెరో-ఆయ్ అన్నారు, బెర్లిన్ నీలి అని. అంతకు ముందు వాళ్ళు వాడిన పూల నీలం వెలిసిపోయేది. 1830 ప్రాంతంలో ఈ కొత్త నీలం ధర దిగింది, హొకుసాయ్ వరుస అదే సమయంలో మొదలైంది. ఈ రంగుని జపాన్‌కి ముందుగా తెచ్చింది ఎవరు? డచ్చివాళ్ళు. వాళ్ళని మన పెద్దలు ఏమనేవాళ్ళు? వలందులు. మన వలందపాలెం పేరులో ఉన్న వలందులే. వాళ్ళ కంపెనీ 1605లో మచిలీపట్నం వచ్చింది, ఇక్కడి తీరం అద్దకం బట్టల కోసం. 1641 నుంచి జపాన్‌లో నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న దీవిలోనే ఉండనిచ్చారు వాళ్ళని. వాళ్ళ ఓడల్లో కోరమాండల్ తీరం అద్దకం బట్టలు జపాన్ చేరాయి. జపాన్ వాళ్ళు ఇప్పటికీ అలాంటి బట్టని సరాసా అంటారు. బందరు రేవు నుంచి కదిలిన ఆ వలందులే జపాన్‌కి ఈ నీలాన్ని ముందుగా మోశారు. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంకోటి. దూరపు వస్తువు చిన్నగా, దగ్గరి వస్తువు పెద్దగా గీసే పద్ధతి కూడా పడమటి నుంచే ఆ దేశానికి చేరింది. హొకుసాయ్ దాన్ని జీర్ణం చేసుకున్నాడు. అందుకే కొండ చిన్నదైంది, అల పెద్దదైంది. అంటే యూరప్‌ని ముంచిన ఈ అలలో ముందే కొంచెం యూరప్ ఉంది.

ముంచడమంటే ఎలా ముంచింది! 1850లలో జపాన్ రేవులు విదేశీ ఓడలకి తెరుచుకున్నాయి. 1867 పారిస్ ప్రదర్శనలో జపాన్ వస్తువులు చూసి జనం వెర్రెత్తిపోయారు. 1872 నాటికి ఫిలిప్ బ్యుర్తీ అనే విమర్శకుడు ఈ మోజుకి జపొనిస్మ్ అని పేరు పెట్టాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే తన జివెర్నీ ఇంట్లో గోడల నిండా ఈ అచ్చులు పెట్టుకున్నాడు. అమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ 1890లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన చూసి, వెంటనే పది రంగు అచ్చులు చేసింది. పిల్లకి స్నానం చేయించే తల్లి, ఉత్తరం అతికించే ఆడమనిషి. చెక్కతో కాదు, లోహపు పలకలతో చేసింది. ఫ్రెంచి సంగీతకర్త దెబుసీ సముద్రం మీద రాసిన సంగీతం 1905లో అచ్చైనప్పుడు అట్ట మీద ఈ అలే వేశారు.

డచ్చి చిత్రకారుడు వాన్ గోహ్ గురించి మాత్రం ఆగి చెప్పాలి. ఆయన పారిస్‌లో వందల కొద్దీ ఈ బొమ్మలు కొన్నాడు. చేతిలో డబ్బు లేని మనిషి. ఎలా కొన్నాడు? అక్కడ కూడా చవకే కాబట్టి. 1887లో హిరోషిగే వాన బొమ్మని నూనె రంగుల్లో మళ్ళీ వేశాడు. చుట్టూ అంచు కట్టి, అందులో వేరే అచ్చుల నుంచి జపాన్ అక్షరాలు చూసి నింపాడు. ఆ అక్షరాలు ఆయనకి చదవడం రాదు. అచ్చు మీద ఆ వాన గీతలు గట్టిగా, తిన్నగా ఉంటాయి. ఆయన కుంచెలో అవి తడిసిపోయాయి. నూనె రంగుకి ఆ పదును రాదు. ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు చెక్కినవాడే గుర్తొస్తాడు. వాన్ గోహ్ అంతటివాడు అందుకోవాలని చూసింది ఆ పేరు లేని మనిషి కత్తిని కూడా.

మన వైపు కూడా ఒక పాయ వచ్చింది. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే ఇద్దరు జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వాళ్ళని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ రంగుని నీళ్ళతో కడిగే పద్ధతి మొదలుపెట్టారు. ఆ బెంగాలు పద్ధతి ప్రమోద్ కుమార్ ఛటర్జీ గారితో మన ఆంధ్ర జాతీయ కళాశాలకి వచ్చింది. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. అది కుంచె పని, అచ్చు కాదు, అందుకే ఎక్కువ చెప్పను. అచ్చు పనిలో అయితే యొషిదా హిరోషి అనే ఆయన 1930లో మన దేశానికి వచ్చాడు. తాజ్ మహల్, కాశీ ఘాట్లు, మధుర మీనాక్షి గుడి, అప్పట్లో నిజాం రాజ్యంలో ఉన్న ఎల్లోరా, ఇవన్నీ చెక్క అచ్చుల్లో చేశాడు.

ఇక నా సంగతి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక చెక్క పలక తెచ్చుకుని కూర్చున్నాను. డ్రాయింగ్ మాస్టారిని కదా, వస్తుందనుకున్నాను. మా పెరట్లో జామచెట్టు కొమ్మ గీశాను. మూడు రంగులు, మూడు పలకలు. మొదటి నెల నాకు ఒక్క గీత కూడా తిన్నగా నిలవలేదు. రెండో వైపు కోసేటప్పుడు కత్తి గీతలోకి వెళ్ళిపోయేది. గాళ్ళు సరిగ్గానే చెక్కాను, అయినా ఆకుపచ్చ ఎప్పుడూ గీత దాటి పడేది. ఎందుకో చాలా రోజులు తెలియలేదు. కాగితం తడి! మొదటి రంగుకి కాగితం బాగా తడిగా ఉంది, మూడో రంగు వేళకి ఆరి కుంచించుకుపోయింది. మన ఎండాకాలంలో ఎంతసేపు ఉంటుంది తడి? తడిగుడ్డల మధ్య పెట్టి అందుకోవడం తెలిసేసరికి ఏడాది గడిచింది. నలుగురు చేసే పని నేను ఒక్కడినే చేయాలనుకున్నాను. చేశాక మాత్రం, చెక్కినవాడు, అచ్చు వేసినవాడు, ఆ ఇద్దరి పేర్లూ బొమ్మ మీద లేకపోవడం నన్ను చాలా బాధపెట్టింది. 19వ శతాబ్దం మధ్యకి వచ్చాక కొన్ని అచ్చుల మూలల్లో చెక్కినవాడి పేరు చిన్నగా కనిపిస్తుంది. అలాంటిది కనిపించిన ప్రతిసారీ నేను ఒక పుస్తకంలో రాసుకుంటాను.

పెడన మిత్రుల్ని ఒక్కటి అడుగుతాను. మీ ఇళ్ళలో తాతల నాటి అచ్చులు ఉన్నాయి కదా. అవి ఎవరు చెక్కారో మీలో కొందరికి ఇంకా గుర్తుండి ఉంటుంది. ఆ పేర్లు నాకు చెప్పండి. ఈ రోజే చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. అదే పుస్తకంలో, రెండో సగం ఖాళీగా ఉంచాను.

నా మూడు పలకలూ ఆ బల్ల మీద పెట్టాను. రంగు కలిపి ఉంది, కాగితం తడిగుడ్డల మధ్య ఉంది, బారెన్ ఒక్కటే ఉంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు రావాలి. కాగితం మూల ముందు గాడిలో ఆనించండి, తర్వాత అంచు, తర్వాత మెల్లగా వదలండి. పెద్దాయన గారూ, మీరు ముందు రండి. మీ చెయ్యి ఎలా పడుతుందో చూడాలని నాకు ఆశగా ఉంది.